సాన పట్టే చేతికి లెక్కల్లో చోటేది?

సంగారెడ్డి నుండి పటాన్‌చెరు వరకు 65వ నంబరు జాతీయ రహదారికి ఇరువైపులా విస్తరించిన పారిశ్రామిక ప్రాంతమంతా పదునైన అంచుల మీదనే నడుస్తున్నది. రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్‌లోను, ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారంలోను, పాశమైలారం, బొల్లారం షెడ్లలోను లోహాన్ని కోసే, చెక్కే ప్రతి పనిముట్టుకూ ఒక అంచు ఉన్నది. ఆ కర్మాగారాల కార్మికుల ఇళ్ళలో కత్తిపీట ఉన్నది. వారికి అన్నం వండే మెస్సులో కూరగాయల కత్తి, దర్జీ చేతిలో కత్తెర, మాంసం దుకాణంలో మాంసపు కత్తి, చుట్టుపక్కల పల్లెల్లో కొడవలి, గొడ్డలి ఉన్నాయి. వాడినకొద్దీ మొద్దుబారడం అంచు స్వభావం. మొద్దుబారిన దానిని తిరిగి పనికి తెచ్చే మనిషి లేకపోతే వంటిల్లూ కుంటుపడుతుంది, కర్మాగారమూ కుంటుపడుతుంది.

ఈ పని ఒకటే అయినా, చేసేవారి స్థితి ఒకటి కాదు. కర్మాగారపు టూల్‌రూములో గ్రైండరు ముందు నిలబడే కార్మికునికి చట్టం ప్రకారం హాజరు పట్టీ, ఈఎస్ఐ, ప్రావిడెంట్ ఫండ్ ఉండాలి. అవి అందకపోతే అడిగేందుకు ఒక కార్యాలయమైనా ఉన్నది. అదే కర్మాగారం గేటు వెలుపల, సైకిలుకో మోపెడ్‌కో సానచక్రం బిగించుకుని గల్లీ గల్లీ తిరిగేవానికి ఇవేవీ లేవు. ఇతడు నైపుణ్యం గల పనివాడని రాసి ఇచ్చిన కాగితం ఒక్కటీ అతని చేతిలో లేదు. సాన పట్టే పనివారిలో ముస్లిం కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. కనుక ఈ ప్రశ్న మన పత్రిక పరిధిలోనిదే. అయితే ఇది ఒక మతానికే పరిమితమైన ప్రశ్న కాదని కూడా ముందే చెప్పదలచుకున్నాము.

ఈ వృత్తి పేరులోనే దాని చరిత్ర ఉన్నది. ‘సైకల్’ అనేది అరబీ పదం. లోహానికి మెరుగు పెట్టడమని దాని అర్థం. ఆ పని చేసేవాడు సైకల్‌గర్. ఆ పేరే కొన్నిచోట్ల సిక్లిగర్ అయింది. ఇతడు ఇప్పుడు సైకిలు మీద వస్తున్నాడు గనుక ఆ పేరు వచ్చిందని అనుకుంటే పొరపాటు. సైకిలు పుట్టకముందే ఈ పేరు ఉన్నది. నేటి నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రంలో మూసల్లో కరిగించి తయారుచేసిన ఉక్కును కొనుక్కుపోవడానికి పర్షియా వర్తకులు వచ్చేవారని 19వ శతాబ్దపు రచనలు చెబుతున్నాయి. ఆ ఉక్కు పశ్చిమాసియాలో పేరొందిన కత్తులకు ముడి సరుకైంది. ఉక్కును కరిగించినవారు, కత్తిగా సాగదీసినవారు, దానికి మెరుగు పెట్టి పదును తెచ్చినవారు వేర్వేరు పనివాళ్ళు. ముగ్గురిలో ఏ ఒక్కరు లేకపోయినా ఆ కత్తికి విలువ లేదు. ఇంగ్లీషువారు ఆ లోహాన్ని పిలిచిన ‘వూట్జ్’ అన్న మాట మన దక్షిణాది ‘ఉక్కు’ నుండే పుట్టిందని పండితులు చెబుతారు. పని ఇక్కడిది, పనివాని పేరు అరబీది. దక్కను నేల మీద హిందువులు, ముస్లింలు కలిసి బ్రతికిన తీరుకు ఇంతకంటే సాక్ష్యం వెతకనక్కరలేదు.

కత్తులకు, తల్వార్లకు ఆదరణ తగ్గాక ఈ పనివారు వంటింటి కత్తుల మీద, కత్తెరల మీద, కొడవళ్ళ మీద ఆధారపడ్డారు. నేడు సిక్లిగర్లలో సిక్కులున్నారు, హిందువులున్నారు, ముస్లింలున్నారు. తెలంగాణ వెనుకబడిన తరగతుల జాబితాలో ‘ఎ’ గ్రూపులో సిక్లిగర్, సైకల్‌గర్ పేర్లు ఉన్నాయి. ‘ఇ’ గ్రూపులో మరొక పేరు ఉన్నది, తురక కాశ. వీరినే చక్కిటకానేవాలే అని, రోళ్ళకు కక్కు కొట్టేవారని అదే జాబితా పేర్కొంటున్నది. అరిగిపోయి నున్నబడిన రోటికి, తిరుగలి రాతికి ఉలితో మళ్ళీ గరుకు తెప్పించడం వీరి పని. అది కూడా సాన వంటిదే. ఒకరు ఇనుముకు పదును తెస్తే, మరొకరు రాతికి తెచ్చారు.

ఇక్కడే మనం గమనించవలసిన వైరుధ్యం ఉన్నది. ప్రభుత్వానికి ఇతని కులం తెలుసు, వృత్తి తెలియదు. కుల ధ్రువపత్రం ఇచ్చేటప్పుడు ‘మీ వారు కత్తులకు సాన పట్టేవారు’ అని గుర్తుపట్టే ప్రభుత్వం, వృత్తిదారునిగా సాయం అడిగితే మాత్రం ‘అలాంటి వృత్తి మా పట్టికలో లేదు’ అంటున్నది.

2023 సెప్టెంబరు 17న కేంద్ర ప్రభుత్వం పీఎం విశ్వకర్మ పథకాన్ని ప్రారంభించింది. 13,000 కోట్ల రూపాయల కేటాయింపుతో 18 సంప్రదాయ వృత్తులను అందులో చేర్చింది. ఎంపికైన వృత్తిదారునికి గుర్తింపు కార్డు, శిక్షణ కాలంలో రోజుకు 500 రూపాయల భృతి, పనిముట్లకు 15,000 రూపాయలు, రెండు విడతల్లో 3 లక్షల రూపాయల వరకు 5 శాతం వడ్డీకి రుణం లభిస్తాయి. ఆ 18 వృత్తుల్లో వడ్రంగి, కమ్మరి, తాళాలు బాగుచేసేవారు, సుత్తులు, పనిముట్లు తయారుచేసేవారు, క్షురకులు, దర్జీలు, రాళ్ళు కొట్టేవారు ఉన్నారు. ఆయుధాలు తయారుచేసేవారు కూడా ఉన్నారు. సాన పట్టేవారు లేరు. కత్తి చేసేవానికి చోటున్నది, ఆ కత్తితో బ్రతికే క్షురకునికి, కత్తెరతో బ్రతికే దర్జీకి చోటున్నది. ఆ కత్తినీ ఆ కత్తెరనూ పనికి తెచ్చేవానికి లేదు. ‘కమ్మరి గడిలో పేరు రాయించుకుంటే సరిపోతుంది గదా’ అనేవారు ఉండవచ్చు. లేని వృత్తిని ఉన్నట్లు రాయించుకుని సాయం పొందమనడం నిజాయితీపరునికి ఇవ్వవలసిన సలహా కాదు. తనిఖీలో అది అబద్ధమని తేలితే నష్టపోయేది కూడా అతడే.

ఇటువంటి వృత్తి ఉన్నదని ప్రభుత్వానికి తెలియదా అంటే, తెలుసు. దేశంలోని ఉద్యోగాలకు, వృత్తులకు సంఖ్యలు కేటాయించే జాతీయ వృత్తుల వర్గీకరణలో 7224 అనే సంఖ్య కింద లోహానికి మెరుగు పెట్టేవారు, చక్రం మీద గ్రైండింగు చేసేవారు, పనిముట్లకు పదును పెట్టేవారు ఉన్నారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ వర్గీకరణలో కూడా అదే సంఖ్య, అదే వృత్తి. లెక్క రాసే పట్టికలో చోటు దొరికిన పనివానికి సాయం చేసే పట్టికలో చోటు ఎందుకు లేదన్నదే మా ప్రశ్న. 19వ వృత్తిగా దీనిని చేర్చాలని రాష్ట్ర ప్రభుత్వం కేంద్రానికి సిఫారసు చేయాలి. చేర్చేటప్పుడు ఏ కులం పేరూ ఉండనక్కరలేదు. ఆ పని చేసి బ్రతికే ప్రతి మనిషికీ, అతడు సిక్కు అయినా, హిందువు అయినా, ముస్లిం అయినా వర్తించాలి.

రెండవది, వీధి వర్తకుల చట్టం. 2014లో పార్లమెంటు చేసిన ఈ చట్టం సరుకులు అమ్మేవారికి మాత్రమే సంబంధించినదని చాలామంది అనుకుంటున్నారు. చట్టంలోని నిర్వచనం అలా లేదు. వీధుల్లో ప్రజలకు సేవలు అందించేవారు, ఒకచోటి నుండి మరొకచోటికి తిరుగుతూ పనిచేసేవారు కూడా అందులోకి వస్తారు. అయిదేళ్ళకు ఒకసారైనా సర్వే చేయాలని, స్థిరంగా కూర్చునేవారికీ సంచరించేవారికీ వేర్వేరు ధ్రువపత్రాలు ఇవ్వాలని, పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వర్తకులే ఉండాలని, మైనారిటీలకు కూడా తగిన ప్రాతినిధ్యం కల్పించాలని ఆ చట్టం చెబుతున్నది. ముస్లిం పురుష శ్రామికుల్లో 12 శాతానికి పైగా వీధి వ్యాపారంలో ఉన్నారని, దేశ సగటు 8 శాతం లోపేనని 2006లో సచార్ కమిటీ నివేదించింది. వీధి వర్తకుల చట్టం సరిగా అమలు కావడం మన సమాజానికి ఎంత అవసరమో ఆ రెండు అంకెలే చెబుతున్నాయి.

అయితే సర్వే చేసేవారు బండి ఉన్నచోటుకు వెళ్తారు. సాన పట్టేవాడు ఒకచోట ఉండడు. ఉదయం సంగారెడ్డిలో బయలుదేరినవాడు కంది, రుద్రారం, ఇస్నాపూర్ మీదుగా సాయంత్రానికి పటాన్‌చెరు చేరుకుంటాడు. ఒక్కరోజులో ఒకటికి మించిన స్థానిక సంస్థల పరిధులు దాటుతాడు. సర్వే జరిగిన రోజున ఏ వీధిలోనూ దొరకని మనిషి ఏ పట్టికలోనూ చేరడు. ఆ ధ్రువపత్రం లేకపోతే వీధి వర్తకుల రుణ పథకమైన పీఎం స్వనిధి మెట్టు ఎక్కడం కూడా అతనికి కష్టమే. కాబట్టి సంచార సేవకుల నమోదుకు వీధి సర్వే చాలదు. ముందుగా ప్రకటించిన తేదీన, ముందుగా ప్రకటించిన చోట ప్రత్యేక శిబిరం పెట్టాలి. ఒక పట్టణం ఇచ్చిన ధ్రువపత్రాన్ని ఈ పారిశ్రామిక ప్రాంతమంతటా గౌరవించేలా జిల్లా కలెక్టరు ఏర్పాటు చేయాలి.

మూడవ విషయం చెప్పడానికి కొంత బాధగా ఉన్నప్పటికీ చెప్పక తప్పదు. కత్తులు పట్టుకుని వీధుల్లో తిరిగే మనిషి ముస్లిం పేరు గలవాడైతే, ఈనాటి వాతావరణంలో అతని మీద పడే చూపు వేరు. పండుగ దగ్గరపడినా, ఎక్కడో అల్లర్లు జరిగినా మొదట ఆపి సోదా చేసేది అతని సంచినే. ఈ విషయంలో చట్టం ఏమంటున్నదో పోలీసులకూ ప్రజలకూ తెలియాలి. 9 అంగుళాలకు మించిన పొడవు గాని, 2 అంగుళాలకు మించిన వెడల్పు గాని ఉన్న కత్తులను ఆయుధ నిబంధనలు ఆయుధాల కిందికి తెస్తూనే, ఇంటి పనికి, వ్యవసాయానికి, శాస్త్ర పరిశోధనకు, పరిశ్రమకు ఉద్దేశించిన వాటిని మినహాయించాయి. కత్తిపీట, కొడవలి, మాంసపు కత్తి, కత్తెర ఆ మినహాయింపులోనివే. సాన పట్టడం నేరం కాదు, సానకు వచ్చిన కత్తిని దగ్గర ఉంచుకోవడం అనుమానానికి ఆధారం కాదు. అదే సమయంలో ఈ పని చేసే మన సోదరులకు కూడా ఒక మాట. ఊరేగింపుల్లో తిప్పడానికి తెచ్చే తల్వారుకు, దేనికోసమో చెప్పకుండా తెచ్చే బాకుకు సాన పట్టవద్దు. తెచ్చినవాడు ఏ మతం వాడైనా సరే. ‘ఇంటికి, పొలానికి, దుకాణానికి’ అన్న మూడు మాటలు బండి మీద రాసుకోండి. గుర్తింపు కార్డు ఎప్పుడూ వెంట ఉంచుకోండి.

ప్రభుత్వాన్ని అడిగినంత గట్టిగా మనల్ని మనం కూడా అడగాలి. ఇంటి ముందుకు వచ్చిన సాన పనివానితో పది రూపాయల కోసం బేరమాడతాము. మొద్దుబారిన కత్తిని పారవేసి కొత్త చవక కత్తి కొంటాము. అది రెండు నెలలకే మొద్దుబారుతుంది. మంచి ఉక్కు కత్తికి ఏడాదికి రెండు మూడుసార్లు సాన పట్టించి, మధ్యలో ఇంట్లోనే సన్నరాయి మీద నాలుగుసార్లు నూరుకుంటే అది తరం మారినా పనికివస్తుంది. మొద్దు కత్తే ప్రమాదకరమని వంట చేసే ప్రతి ఇల్లాలికీ తెలుసు. తెగని చోట ఎక్కువ బలం పెడతాము, కత్తి జారుతుంది, వేలు తెగుతుంది.

సాన పట్టడమంటే కత్తిని చక్రానికి ఆనించడం మాత్రమే కాదు. వంటింటి కత్తికి అంచు కోణం ఒకటి, మాంసపు కత్తికి మరొకటి. కత్తెరకు రెండు ఆకులూ ఒకదానినొకటి ఒరుసుకునే చోట మాత్రమే రాయి తగలాలి. లోపలి ముఖాన్ని అరగదీస్తే ఆ కత్తెర ఇక గుడ్డ కోయదు, నములుతుంది. వేగంగా తిరిగే పొడి చక్రానికి ఎక్కువసేపు ఆనిస్తే అంచు వేడెక్కి నీలిరంగుకు తిరుగుతుంది. అక్కడ ఉక్కు మెత్తబడిపోయిందని అర్థం. తెలిసిన పనివాడు క్షణం ఆనించి తీస్తాడు, నీళ్ళలో ముంచుతాడు, మళ్ళీ ఆనిస్తాడు. చివరన అంచు మీద లేచిన సన్నని రేకును సన్నరాయి మీద తుడిచివేస్తాడు. పని చేయించుకునేవారు అంచు నీలిరంగుకు తిరిగిందా లేదా చూసుకోవాలి, తిరగకపోతే అడిగిన కూలి ఇవ్వాలి. శ్రామికుని చెమట ఆరకముందే కూలి చెల్లించాలన్న ప్రవక్త (స) బోధ మనకు తెలియనిది కాదు.

ఈదుల్ అజ్‌హా దగ్గరపడుతున్న ఈ రోజుల్లో ఈ మాట మరింత అవసరం. జిబహ్ చేసేవాడు తన కత్తిని బాగా పదును పెట్టుకోవాలని, జంతువుకు బాధ తగ్గించాలని దైవప్రవక్త ముహమ్మద్ (స) ఆదేశించినట్లు సహీహ్ ముస్లిం గ్రంథంలో ఉన్నది. అంటే మన ఖుర్బానీ సక్రమంగా జరగడంలో సాన పట్టినవాని చేతికీ భాగమున్నది. అయినా పండుగ ముందు రాత్రి వరకు ఆగి, అప్పుడు గుంపుగా వెళ్ళి, ‘తొందరగా కానివ్వు’ అని అతని నెత్తిన నిలబడతాము. తొందరలో పట్టిన సాన అంచును కాల్చివేస్తుంది. సంగారెడ్డి, సదాశివపేట, పటాన్‌చెరు మస్జిద్ కమిటీలకు మా సూచన ఇది. పండుగకు రెండు వారాల ముందు ఒక రోజును నిర్ణయించి, మస్జిద్ ఆవరణ వెలుపల నీడ, నీళ్ళు, కరెంటు కల్పించి సాన పనివారిని పిలవండి. రేటు ముందే ప్రకటించండి. పొరుగున ఉన్న హిందూ, క్రైస్తవ కుటుంబాలను కూడా తమ కత్తిపీటలు, కత్తెరలు తెచ్చుకోమని ఆహ్వానించండి. పనివానికి నాలుగు రోజుల ఆదాయం ఒక్కరోజులో వస్తుంది. అతని సంచిని అనుమానంగా చూసే కళ్ళు కూడా అతని పనిని దగ్గరనుండి చూస్తాయి.

అతని ఆరోగ్యాన్ని గూర్చి మాట్లాడేవారు మరీ తక్కువ. ఇంగ్లండులోని షెఫీల్డు పట్టణం 19వ శతాబ్దంలో కత్తుల తయారీకి ప్రపంచ కేంద్రం. అక్కడ ఇసుకరాతి చక్రాల మీద పొడిగా సాన పట్టిన కార్మికులు రాతి ధూళి పీల్చి ఊపిరితిత్తులు చెడి చిన్న వయసులోనే మరణించారు. ఇప్పుడు కృత్రిమ రాయి చక్రాలు రావడంతో ఆ ముప్పు కొంత తగ్గింది గాని, లోహపు పొడి, నిప్పురవ్వలు, చక్రం పగలడం అనే ప్రమాదాలు అలాగే ఉన్నాయి. కంటి అద్దాలు, మాస్కు, చక్రానికి కవచం, తడుపుకోవడానికి నీళ్ళు ఉంటే చాలావరకు రక్షణ కలుగుతుంది. వీటి ఖరీదు పెద్దది కాదు. మన సేవా సంస్థలు రంజాన్ జకాత్, సదఖా నిధుల నుండి అర్హులైన పేద పనివారికి ఈ సామగ్రి ఇప్పించవచ్చు. అసంఘటిత కార్మికుల కోసం 2021లో మొదలైన ఈ-శ్రమ్ నమోదులో ‘కూలీ’ అని రాయించుకోకుండా, ‘పనిముట్లకు పదును పెట్టేవాడు’ అని వృత్తి పేరుతోనే నమోదు కావాలని వారిని కోరుతున్నాము.

‘అంతరించిపోయే వృత్తి కోసం ఇంత ఆరాటమెందుకు, వారి పిల్లలు చదువుకుని ఉద్యోగాలు చేసుకోనివ్వండి’ అని కొందరు అనవచ్చు. పిల్లలు చదవవలసిందే, అందులో రెండో మాట లేదు. 2007 చట్టం ముస్లిం వెనుకబడిన వర్గాలకు ఇచ్చిన 4 శాతం రిజర్వేషను సుప్రీంకోర్టు 2010 మార్చిలో ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు ఆధారంగా కొనసాగుతున్నది. దానిని కాపాడుకోవడం, మన పిల్లల చేత పూర్తిగా వినియోగింపజేయడం మన బాధ్యత. కాని ఈ వృత్తి అంతరించిపోతున్నదన్న మాట సరికాదు. రోళ్ళకు కక్కు కొట్టేవారి పని ఎందుకు పోయింది? మిక్సీలు, గ్రైండర్లు వచ్చి రోలే వంటింటి నుండి తప్పుకున్నది గనుక. కత్తి తప్పుకోలేదు. ఇళ్ళు పెరిగాయి, హోటళ్ళు పెరిగాయి, కర్మాగారాలు పెరిగాయి, కత్తుల సంఖ్య పెరిగింది. ఫోనులో కబురు చేస్తే కత్తులు తీసుకుపోయి పదును పెట్టి తెచ్చిచ్చే సేవలు నగరాల్లో వస్తున్నాయి. అంటే పని మిగులుతుంది. తరతరాలుగా దానిని చేసినవాడు మాత్రం మిగలకుండా పోయే ప్రమాదమున్నది. మన ఆందోళన అందుకే.

దీనికి మరోదారి ఉన్నదని చూపిన అనుభవం ప్రపంచంలో ఉన్నది. ఇటలీ ఉత్తరాన వాల్ రెండేనా అనే కొండలోయ నుండి సానబండ్లు తోసుకుంటూ పేద పనివారు యూరపు నగరాలకు, ఆ తరువాత అమెరికాకు వలస వెళ్ళారు. వారి వారసులు హోటళ్ళకు, మాంసం దుకాణాలకు కత్తులు అద్దెకిచ్చే వ్యాపారం నెలకొల్పారు. నిర్ణీత రోజున పదునైన కత్తులు ఇచ్చి మొద్దుబారినవి తీసుకుపోవడం ఆ పద్ధతి. ఆ లోయలోని పింజోలో పట్టణంలో సాన పనివాని విగ్రహం ఉన్నది. మన రహదారి వెంట ఉన్న హోటళ్ళు, కళాశాలల హాస్టళ్ళు, కర్మాగారాల క్యాంటీన్లు ఇదే పద్ధతిలో నలుగురైదుగురు పనివారి సహకార బృందానికి పని ఇవ్వగలవు. కర్మాగారాలలో అరిగిన డ్రిల్లులకు, కట్టర్లకు తిరిగి పదును పెట్టే పని మరింత ఆదాయం గలది. దానికి యంత్రం, కొలతల జ్ఞానం కావాలి. హైదరాబాదు బాలానగర్‌లో 1968లో స్థాపించిన కేంద్ర పనిముట్ల రూపకల్పన సంస్థ ఇటువంటి శిక్షణకు తగిన చోటు. సాన పనివారి పిల్లల్లో పదవ తరగతి చదివినవారికి అక్కడ స్వల్పకాలిక శిక్షణ ఇప్పించి, యంత్రానికి రాష్ట్ర మైనారిటీల ఆర్థిక సంస్థ, బీసీ ఆర్థిక సంస్థ రుణమిస్తే, తండ్రి సైకిలు మీద చేసిన పనిని కొడుకు షెడ్డులో చేస్తాడు.

హజ్రత్ దావూద్ (అ)కు ఇనుమును మెత్తగా చేశామని దివ్య ఖుర్‌ఆన్ చెబుతున్నది. ఆయన తన చేతి కష్టంతోనే భుజించేవారని ప్రవక్త (స) మనకు తెలియజేశారు. ఇనుముతో పనిచేసి బ్రతకడాన్ని తక్కువగా చూసే హక్కు ఆ ప్రవక్తలను నమ్మేవారికి లేదు.

కనుక మా కోరికలు స్పష్టం. పీఎం విశ్వకర్మ పట్టికలో సాన పట్టే వృత్తిని చేర్చాలి. సంగారెడ్డి జిల్లాలో సంచార సేవకుల నమోదు శిబిరం జరగాలి. వారి సంచిలోని పనిముట్ల విషయంలో ఆయుధ నిబంధనలు ఏమంటున్నాయో జిల్లా పోలీసులు అన్ని ఠాణాలకు వ్రాతపూర్వకంగా తెలియజేయాలి. ఈ మూడింటికీ కొత్త చట్టం అక్కరలేదు, పెద్ద నిధులూ అక్కరలేదు. జిల్లాలోని ముస్లిం సంఘాలు, సిక్కు సోదరుల సంఘాలు, బీసీ సంఘాలు కలిసి ఒకే వినతిపత్రం తయారుచేసి కలెక్టరుకు అందజేయాలని పిలుపునిస్తున్నాము. అప్పటివరకు ప్రతి పాఠక కుటుంబం చేయగలిగిన పని ఒకటున్నది. వీధిలో సానబండి కేక వినిపించినప్పుడు తలుపు తీయండి, కత్తిని పారవేయకుండా అతని చేతికివ్వండి, కూలి పూర్తిగా చెల్లించండి, ధ్రువపత్రం ఉన్నదా అని అడగండి. లేదంటే మీ దగ్గరలోని పురపాలక కార్యాలయానికి అతని వెంట వెళ్ళండి.